కోచ్ గారికి మెమో వచ్చింది, మందు గొడవ: ఇంట్లో వాళ్ళు ఏది ముందు చెయ్యాలి

మా బావ వైజాగ్‌లో ఒక ప్రైవేట్ కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్, పిల్లలకి మాత్రం పీడీ సారే. ఉద్యోగం మందు వల్లే పోయింది, కాలేజీని ఏం అనను, టోర్నమెంటుకి పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళాల్సిన మనిషి దగ్గర పొద్దున 9కే వాసనొస్తుంటే ఎవరూరుకుంటారు. కానీ మెమో వచ్చిన రోజు నుంచి మేం ఇంట్లో చేసినవన్నీ తలకిందులు పనులే, మీ ఇంట్లో ఇలాంటిది వస్తే మాలా చెయ్యకూడదని రాస్తున్నా.

మొదటిది, ఆ రాత్రే ఒట్టు వేయించకండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ మా అక్క దేవుడి గదిలో పిల్లల మీద ఒట్టు వేయించింది, బావ నిజంగానే ఆపేసాడు, మేమంతా పండగ చేసుకున్నాం, మర్నాడు సాయంత్రానికి టీ గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణికాయి, రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి, ఆటోలో కేజీహెచ్ క్యాజువాలిటీకి పరుగు. రోజూ గట్టిగా తాగే ఒళ్ళు ఒక్కసారి ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి, ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 2 రోజుల్లోనే, ఆ తర్వాత 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి గోడ మీద లేని పురుగులు కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలీదు, దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణాలు పోయే సంగతి అది. డాక్టర్లయితే లిబ్రియం లాంటి మాత్రలిచ్చి రోజురోజుకీ డోసు తగ్గిస్తూ దింపుతారు, బి1 విటమిన్ కూడా ఇస్తారు. అదేదో మేమే మెడికల్ షాపులో తెచ్చేస్తాం అనుకోకండి, ఆ మాత్ర మీద మందు పడితే ఊపిరే ఆగిపోవచ్చు.

డాక్టరు ముందుగా అడిగేది రోజుకి ఎంత తాగుతాడు అని. "ఒక్క క్వార్టరే సార్" అన్నాడు మా బావ, కళ్ళలోకి చూసి మరీ. క్వార్టర్ అంటే 180 ఎంఎల్, మామూలుగా 42.8 శాతం, లెక్క కడితే దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్, అదే తక్కువేం కాదు, పైగా 2024 అక్టోబర్ నుంచి మన దగ్గర 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది కాబట్టి జేబు చూసి లెక్క కట్టలేం. సీసాలు లెక్కపెట్టండి. మాకు బైకు డిక్కీలో 2, బాల్స్ పెట్టే నెట్ సంచి అడుగున 4 దొరికాయి. ఆ లెక్క డాక్టరుకి విడిగా చెప్పండి, అందరి ముందూ పరువు తీయకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మా పక్కింటావిడ "ఏటమ్మా, పిచ్చాసుపత్రికి తీసికెళ్తారా" అంది, ఆ ఒక్క మాటకే మేం 2 వారాలు ఆగిపోయాం, మీరు ఆగకండి. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి చెయ్యండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. మందు మాన్పించడానికి వేరేగా 14446 ఉంది. ప్రైవేట్ సెంటర్లయితే 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని ముందు అడగండి, గొలుసులతో కట్టేయడం ఆ చట్టం ప్రకారం నిషేధం. "చూడనివ్వం, 3 నెలలు మాకొదిలేయండి" అనే చోట నుంచి వెనక్కి వచ్చేయండి.

స్తంభాల మీద పోస్టర్లు చూసే ఉంటారు, తాగేవాళ్ళకి తెలియకుండా పొడి కలిపి మాన్పిస్తామని. అది వద్దు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటి నిజంగానే ఉంది, అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడొచ్చి, బీపీ పడిపోతుంది, మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మాత్ర అది. సాంబారులో కలిపేస్తే ఏం జరుగుతుందో ఆలోచించండి, ఆయన మామూలుగానే వెళ్ళి తాగొస్తాడు కదా.

ఇక మెమో. పిలిచి "రాజీనామా ఇచ్చేయండి, మీకే మంచిది" అంటారు, అక్కడికక్కడ సంతకం పెట్టొద్దు, ఒక రోజు టైం అడగండి, అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు ఎన్నాళ్ళుందో చూడండి. జవాబులో "నాకు అలవాటే లేదు" అని మాత్రం రాయొద్దు, అటెండర్ దగ్గర్నుంచి అందరికీ తెలిసిన విషయం. ట్రీట్‌మెంట్ మొదలెట్టాం, ఇదిగో డాక్టరు లెటరు, ఇన్ని రోజులు సెలవు కావాలి, అప్పటిదాకా పిల్లలతో ప్రయాణాలు నేనే మానుకుంటాను అని రాయాలి. మేం రెండో రకం రాసేసరికి లేటయింది, ఉద్యోగం పోయింది. పోయినా సరే, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, పీఎఫ్ కాగితాలు, 5 ఏళ్ళు నిండుంటే గ్రాట్యుటీ, ఇవి అడిగి తీసుకోండి, తాగినోడికి ఇదొకటా అని సిగ్గుపడకండి, అది పని చేసిన డబ్బు.

మా బావ మంచం మీద పడుకుని "నా పేరు పోయింది రా" అంటుంటే నేనొక అమెరికా కోచ్ సంగతి చెప్పా. స్టీవ్ సార్కిసియన్, అందరూ సార్క్ అంటారు, అది మన ఫుట్‌బాల్ కాదనుకోండి, చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. లాస్ ఏంజిలిస్‌లో యూఎస్‌సీ అనే యూనివర్సిటీకి హెడ్ కోచ్, 2015 ఆగస్టులో సొంత యూనివర్సిటీ ఫంక్షన్‌లోనే తడబడుతూ మాట్లాడాడు, అక్టోబర్ 11న సెలవు మీద పంపించారు, 12న తీసేసారు. తాగుడు జబ్బు కదా, ట్రీట్‌మెంట్‌కి టైమివ్వకుండా తీసేస్తారా అని 3 కోట్ల డాలర్లకి కేసేసాడు, 2018లో మధ్యవర్తి తీర్పు యూనివర్సిటీకే అనుకూలంగా వచ్చింది. కానీ ట్రీట్‌మెంట్ తీసుకున్నాడు, 2016లో అలబామాలో ఎనలిస్టుగా కింది నుంచి మొదలెట్టి 2021 జనవరికి టెక్సస్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. బావ అంతా విని "వాడికి డాలర్లున్నాయి" అని అటు తిరిగి పడుకున్నాడు. కథలు చెప్పడం వల్ల పెద్దగా ఏం కాదు, ఆ రోజు ఇడ్లీ మాత్రం తిన్నాడు.

అసలు ప్రమాదం సాయంత్రం 5న్నర. ఏళ్ళ తరబడి ఆ టైంకి గ్రౌండు, గ్రౌండు నుంచి వైన్‌షాపు, ఒళ్ళు ఆ దారే అడుగుతుంది. మేం ఆ టైంకి ఆయన్ని బీచ్ రోడ్డు మీద నడిపించాం, నేను కుదరనప్పుడు ఆయన దగ్గర ఆడి వెళ్ళిన పాత గోల్‌కీపర్ వచ్చేవాడు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) అని తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగులుంటాయి, వాటికి కూడా వెళ్ళమనండి, డబ్బులడగరు, ఇంటిపేరు అడగరు. పిల్లలకి అబద్ధం చెప్పొద్దు, "సార్‌కి ఒంట్లో బాలేదు, తాగుడుకి ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నారు" అంటే వాళ్ళకి చాలు.

నాలుగో నెలలో భోగి రోజు బావ మళ్ళీ తాగాడు. అక్క ఏడ్చింది, నేను అరిచా, రెండూ అనవసరం, మర్నాడే ఓపీకి తీసుకెళ్ళాల్సింది, మేం కనుమ దాకా ఆగాం.

ఓపీకి వెళ్ళేటప్పుడు ఆధార్, పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు పట్టుకెళ్ళండి. టిఫిన్ పెట్టి తీసుకెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి. ఇద్దరు వెళ్తే మంచిది, లైన్లో ఒకరుండాలి, గేటు వైపు చూస్తూ కూర్చున్న ఆయన పక్కన ఒకరుండాలి.