బిల్ట్-ఇన్ ఓవెన్, హాబ్ బిగించడం ఎలా? బండ కోయకముందే వైరు సంగతి చూడండి

గ్రానైట్ బండ కోసేశారు. హాబ్ (బండలో దించే పొయ్యి) దాంట్లో కూర్చుంది, ఓవెన్ అలమారాలో దూరింది. అప్పుడొచ్చిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి, "మిక్సీకి లాగిన 2.5 వైరే ఉంది కదా సార్" అంటాడు. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్‌లో కొత్తగా మాడ్యులర్ కిచెన్ చేయించుకుంటున్న ఇళ్లలో ఇది మామూలైపోయింది. గ్యాస్ పొయ్యి తీసి కరెంటు పొయ్యి పెట్టడమేగా అనుకుంటే ఇలాగే అవుతుంది. నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్ 7,200 వాట్ల దాకా లాగుతుంది. ఓవెన్ ఇంకో 3,000. రెండూ కలిపితే ఒకటిన్నర టన్నుల ఏసీలు ఆరేడు ఒకేసారి నడిపినంత.

అందుకే వరస ఇది: ముందు లోడు, తర్వాత వైరు, ఎర్త్, ఆ తర్వాతే బండ. సామాను పెట్టె విప్పడం ఆఖరున.

లోడు, వైరు, ఎంసీబీ

కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడు (మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు) ఎంతుందో చూడండి. రెండో మూడో కిలోవాట్లు అని ఉంటే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. హాబ్, ఓవెన్ రెండూ పెట్టే ఇంటికి త్రీ ఫేజ్ మీటరే సరి. అది వచ్చేదాకా ఆగలేకపోతే, చాలా ఇండక్షన్ హాబ్‌లలో మొత్తం పవర్‌కు హద్దు పెట్టే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని తగ్గించి వాడుకోండి.

ఓవెన్‌కు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు (వాడుకలో 4 వైరు), 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే పడిపోయే మీట). హాబ్ సింగిల్ ఫేజ్ మీదైతే 6 వైరు, 32 ఆంపియర్ల ఎంసీబీ. మెయిన్ బోర్డు నుంచి వంటింటికి 15 మీటర్లు దాటితే 10 వైరు వేయండి. త్రీ ఫేజ్ ఇంట్లో హాబ్‌ను రెండు ఫేజుల మీదకు పంచితే ఒక్కో ఫేజ్ మీద 16 ఆంపియర్ల లోపే పడుతుంది కాబట్టి 4 వైరు చాలు. ఆ రెండు ఫేజుల ఎంసీబీలూ ఒకే మీటతో కలిసి పడాలి. న్యూట్రల్ కూడా అంతే లావుండాలి. రెండు ఫేజులు ఉన్నాయి కదా, న్యూట్రల్‌లో తక్కువ పోతుందిలే అని సన్నది వేసేవాళ్లున్నారు. రెండు ఫేజుల మీద సమానంగా లోడు పడితే న్యూట్రల్‌లోనూ అంతే కరెంటు నడుస్తుంది. ఈ రెండు లైన్లకూ ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉండాల్సిందే.

ఎంసీబీ పడిపోతోందని 32 తీసేసి 40 పెట్టడం మహా పాపం. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచితే, పడాల్సింది పడదు, గోడలో పైపు కాలుతుంది.

ఓవెన్‌కు ప్లగ్గు పెట్టకండి. 16 ఆంపియర్ల ప్లగ్గు మీద 13 ఆంపియర్లు గంటల తరబడి నడిస్తే పిన్నులు వేడెక్కి సాకెట్ గోధుమ రంగులోకి తిరుగుతుంది. 32 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్ (ఫేజ్, న్యూట్రల్ రెండిటినీ ఆపేది) పెట్టి, అక్కడి నుంచి నేరుగా కేబుల్ ఇవ్వండి. ఆ స్విచ్ హాబ్ పక్కన, చేతికందే చోట ఉండాలి. హాబ్ పైన వద్దు. మూకుడులో నూనె అంటుకున్న రోజు మంట మీదుగా చెయ్యి చాచాల్సి వస్తుంది. ఓవెన్ వెనకా వద్దు, దాన్ని బయటికి లాగితే తప్ప ఆపలేరు.

బండ, అలమారా

60 సెంటీమీటర్ల హాబ్‌కు మామూలుగా 560 × 490 మిల్లీమీటర్ల కోత కావాలి. మామూలుగా అన్నాను. మీ మోడల్ పుస్తకంలో ఏముందో అదే లెక్క, కాబట్టి హాబ్ ఇంటికి రాకముందు బండ మీద చాక్‌పీసు కూడా పెట్టనివ్వద్దు.

కరీంనగర్ టాన్ బ్రౌన్ అయినా, నల్ల గ్రానైట్ అయినా, పగులు మొదలయ్యేది మూలల్లోనే. కటింగ్ మిషన్‌తో రెండు గీతలు మూల దగ్గర ఒకదాన్నొకటి దాటేలా కోస్తే అక్కడే చీలిక పడుతుంది. ముందు నాలుగు మూలల్లో కోర్ బిట్‌తో (గుండ్రంగా తొలిచే బిట్) 16 నుంచి 20 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించి, ఆ రంధ్రాల మధ్య కోయించండి. ముందువైపు మిగిలే పట్టీ 60 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, దాని కింద ఇనుప యాంగిల్ ఉండాలి. హాబ్ కింద దాంతో వచ్చిన ఫోమ్ పట్టీ చాలు. సిలికాన్ పూసి అతికించొద్దు, రిపేరుకు విప్పేటప్పుడు అద్దం పగులుతుంది.

ఓవెన్ గూడు వెడల్పు 560 నుంచి 568, ఎత్తు 590 నుంచి 600, లోతు కనీసం 550 మిల్లీమీటర్లు. వెనక పలక బిగించొద్దు. కింది పలకలో వెనకవైపు 50 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. వేడి బయటికి పోవడానికి అదే దారి. ఓవెన్‌ను హాబ్ కింద కాకుండా ఛాతీ ఎత్తున విడి అలమారాలో పెట్టండి. వంగి వేడి ట్రే తీయడం అన్నది అసలు ఎవరూ కోరుకునే పని కాదు.

ఎర్త్

మన దగ్గర అందరూ దాటేసేది ఇదే. హన్మకొండ, కాజీపేటల్లో చాలా చోట్ల నాలుగడుగులు తవ్వితే బండ తగులుతుంది. అంతటితో ఆపేసి పైపు పాతి, పైన సిమెంటు వేసేస్తారు. బొగ్గు, ఉప్పు నింపిన గుంట కూడా మే నెలకు ఎండిపోయి ఎర్త్ పనిచేయడం మానేస్తుంది. బండ నేలైతే రెండు గుంటలు వేసి కలపండి. ఎండాకాలంలో వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 5 ఓంల లోపు రావాలి.

మామూలు మీటరుతో ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 230 చూపించి "ఎర్త్ ఉంది సార్" అంటే నమ్మకండి. పాడైన ఎర్త్ కూడా మీటరుకు 230 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు ఏమీ లాగదు. ఆర్‌సీసీబీకి ముందు నుంచి ఫేజ్ తీసుకుని, 100 వాట్ల పాత బల్బును ఎర్త్ మీద వెలిగించి అప్పుడు కొలవమనండి. వోల్టేజీ రెండు మూడు వోల్టులకు మించి పడితే ఆ ఎర్త్ ఓవెన్‌కు పనికిరాదు.

ఇంకో దొంగపని ఉంది. ఎర్త్ లేని చోట న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. ఒకరోజు న్యూట్రల్ ఊడితే ఓవెన్ ఇనుప ఒళ్లంతా 230 వోల్టులు. న్యూట్రల్ ఊడకముందు లీకేజీ ఉన్నా ఆర్‌సీసీబీ పట్టదు, లీకైన కరెంటు అదే న్యూట్రల్‌లోంచి తిరిగొస్తుంటే దానికి తేడా కనబడదు కాబట్టి.

నీలం వైరు దగ్గర ఆగండి

హాబ్‌లు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేయాలి, మీరు పక్కన నిలబడి చూడాలి.

మన గోడల్లో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు. నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. హాబ్‌తో వచ్చే కేబుల్ లెక్క వేరు. అందులో గోధుమ రంగు, నలుపు ఫేజులు. నీలం న్యూట్రల్. ఆకుపచ్చ మీద పసుపు చారలున్నది ఎర్త్. కొన్నిటికి బూడిద రంగు వైరు కూడా ఉంటుంది, దాన్ని ఎక్కడ కలపాలో హాబ్ అడుగున అతికించిన బొమ్మలో చూడాలి.

ఇప్పుడు అలవాటు మీద నీలానికి నీలం, నలుపుకు నలుపు కలిపితే ఏమవుతుంది? హాబ్ న్యూట్రల్ పోయి మన నీలం ఫేజ్ మీద కూర్చుంటుంది. గోధుమ వైరు ఎరుపు ఫేజ్ మీద ఉంటుంది. ఆ రెంటి మధ్య 230 కాదు, దాదాపు 400 వోల్టులు. స్విచ్ వేయగానే ఒక టప్‌మన్న చప్పుడు, సగం హాబ్ చచ్చిపోతుంది. రంగు సరిపోయింది కాబట్టి చేసినవాడికి తప్పెక్కడో కూడా తెలియదు. వోల్టేజీ ఎక్కువొచ్చింది సార్ అని కరెంటు మీదకు తోసేస్తాడు. వారంటీవాళ్లు మాత్రం తోయనివ్వరు.

అందుకని రంగు చూసి కలపొద్దు, మీటరు చూసి కలపాలి. గోడలోంచి వచ్చిన వైర్ల కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, ఎంసీబీ వేసి కొలవండి. ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య 230. రెండు ఫేజుల మధ్య దాదాపు 400. ఏది ఏదో తేలాక ఎంసీబీ దించి, అన్నిట్లో కరెంటు పోయిందని మళ్లీ కొలిచి, ఒక్కో వైరుకూ టేపు చుట్టి పేరు రాయండి. ఈ పనికి పది నిమిషాలు పడుతుంది. హాబ్ ఖరీదు ఎంతో మీకు తెలుసు.

తర్వాత టెర్మినల్ పెట్టె. అందులో రాగి బద్దీలు ఉంటాయి, టెర్మినళ్లను ఒకదానితో ఒకటి కలపడానికి. సింగిల్ ఫేజ్ అయితే ఫేజ్ టెర్మినళ్ల మధ్య బద్దీ ఉండాలి. రెండు ఫేజులైతే వాటి మధ్య బద్దీ తీసేయాలి. మర్చిపోతే ఫేజూ ఫేజూ షార్ట్. హాబ్ అడుగు బొమ్మలో ఏ ఇంటికి ఏ బద్దీ అని గీసి ఉంటుంది, అదొక్కటే ప్రమాణం. "అన్నీ ఒకటే సార్" అనే మాట విన్న వెంటనే ఇంకో ఎలక్ట్రీషియన్‌ను వెతుక్కోండి.

వైరు కొస 10, 12 మిల్లీమీటర్లే వలవాలి. పోగులన్నీ లోపలికి పోయేలా లగ్గు (కొసకు తొడిగే లోహపు గొట్టం) తొడిగి నొక్కాలి. ఒక్క పోగు బయట వేలాడినా పక్క టెర్మినల్‌కు తగులుతుంది. కొసకు సీసం పూసి బిగించే అలవాటు మంచిది కాదు. మరమేకు ఒత్తిడికి, వేడికి సీసం మెల్లగా జారి బిగువు పోతుంది. ఎర్త్ వైరు మిగతావాటికంటే రెండు సెంటీమీటర్లు పొడుగ్గా వదలండి, ఎవరైనా కేబుల్ లాగితే అన్నిటికంటే చివర ఊడేది అదే అవ్వాలి. ప్రతి వైరునూ చేత్తో లాగి చూడండి. న్యూట్రల్ దగ్గర రెండుసార్లు లాగండి. రెండు ఫేజుల హాబ్‌లో న్యూట్రల్ వదులైతే 400 వోల్టులు రెండు సగాల మీద ఇష్టమొచ్చినట్టు పంచుకుంటాయి. తక్కువ లోడున్న సగం మీద ఎక్కువ పడి అది మాడుతుంది. నెల తర్వాత ఎంసీబీ దించి మరమేకులన్నీ ఇంకోసారి బిగించండి.

ఓవెన్ పెట్టడం, మొదటిసారి వేయడం

30 కిలోల పైన ఉంటుంది, ఇద్దరు కావాలి. తలుపు పిడి పట్టుకుని ఎత్తొద్దు. లోపలికి తోశాక తలుపు తెరిస్తే పక్క పట్టీలో కనిపించే రంధ్రాల్లోంచి అలమారాకు మరలు బిగించండి. అవి లేకుండా తెరిచిన తలుపు మీద బరువైన ట్రే పెడితే ఓవెన్ ముందుకు ఒరుగుతుంది.

గడియారం సెట్ చేయనిదే చాలా ఓవెన్లు వేడెక్కవు. కొత్తలో వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇవే. లోపలి ట్రేలు, థర్మాకోల్, స్టిక్కర్లు తీసేసి, కిటికీలు తెరిచి, ఖాళీగా 250 డిగ్రీల దగ్గర ఒక గంట నడపండి. పొగ, వాసన వస్తాయి, కంగారొద్దు.

వాడకం

గిన్నె అడుగుకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంటేనే ఇండక్షన్ మీద పనిచేస్తుంది. అల్యూమినియం, రాగి, ఇత్తడి పనికిరావు. సర్వపిండి ఒత్తే గుండ్రటి సర్వ కూడా పనికిరాదు, దాని అడుగు అద్దానికి ఒక్కచోటే తగులుతుంది. అడుగు చదునైన పోత ఇనుము పెనం మీద మధ్యస్థంగా పెట్టి చేస్తే గిన్నప్ప (సర్వపిండికే ఇంకో పేరు) అంచులు బాగానే కరకరలాడతాయి. సకినాల మూకుడు కూడా చదును అడుగుదే తెచ్చుకోండి. నూనె ఈ పొయ్యి మీద గ్యాస్ కంటే త్వరగా కాగుతుంది, వదిలేసి వెళ్లొద్దు. అంటుకుంటే స్విచ్ ఆపి మూత పెట్టండి, నీళ్లు మాత్రం పోయకండి.

అరిసెల బెల్లం పాకం అద్దం మీద ఒలికితే చల్లారేదాకా ఆగితే చెడిపోయినట్టే. అది గట్టిపడి, ఊడేటప్పుడు అద్దం పెచ్చు పట్టుకుని లేస్తుంది. పొయ్యి ఆపి, వేడి మీదే బ్లేడు స్క్రేపర్‌తో పక్కకు గీకేయండి. అద్దం మీద పగులు కనిపిస్తే ఎంసీబీ దించి వాడటం మానేయండి, నీళ్లు లోపలికి దిగుతాయి.

ఓవెన్ అడుగున అల్యూమినియం ఫాయిల్ పరవొద్దు, వేడి కిందే నిలిచిపోయి ఎనామిల్ పగులుతుంది. ఎండాకాలం రాత్రుళ్లు వోల్టేజీ 180కి పడితే 3,000 వాట్ల ఓవెన్ 1,840 వాట్లే ఇస్తుంది, కాబట్టి కేకు ఎందుకు పొంగలేదని పిండిని తిట్టకండి.

వానాకాలంలో నెలల తరబడి వాడని ఓవెన్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోవచ్చు. ఎలిమెంట్ లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి చెమ్మ పీల్చుకుంటుంది. ఆర్‌సీసీబీని తప్పించి వైరు వేసే పని ఎవరినీ చేయనివ్వకండి. పడకుండా నిలబడితే 100 డిగ్రీల దగ్గర ఒక గంట ఖాళీగా నడిపితే ఆరిపోతుంది. వేసిన ప్రతిసారీ వెంటనే పడుతుంటే ఎలిమెంట్ మార్చాల్సిందే. మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు తలుపు తెరిచి, అంచున ఉన్న రేకు పట్టీ మీది మోడల్ నంబరు ఫొటో తీసి పంపండి. అది లేకుండా వస్తే తప్పు ఎలిమెంట్ పట్టుకొస్తాడు.