కారు ఒక పక్కకి లాగుతోందా? కారణం ఇలా పట్టుకోండి

స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా కారు ఎడమకో కుడికో పోతుంటే చాలామంది నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కి (చక్రాల కోణాలు సరిచేయించడానికి) వెళ్తారు. నిజానికి అది ఆఖర్న చేయించాల్సిన పని. టైర్లో గాలి తగ్గినా, బ్రేక్ పట్టేసినా అలైన్‌మెంట్‌తో ఆ లాగుడు పోదు, డబ్బులు మాత్రం పోతాయి.

ముందు రోడ్డుని అనుమానించండి. నీళ్లు నిలవకుండా రోడ్లని అంచులవైపు కాస్త వాలుగా వేస్తారు, కారు ఆ వాలులోకి కొద్దిగా జారడం మామూలే. చదునైన, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూడండి. చేతులు పూర్తిగా వదిలేయొద్దు, పట్టు సడలిస్తే చాలు.

అక్కడా లాగితే టైర్లలో గాలి చూడండి. బండి నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ డోర్ పక్కనున్న స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ముందు టైర్లలో ఏది మెత్తబడితే బండి అటే లాగుతుంది. గాలి సమానంగా ఉన్నా తేడా పోలేదంటే, ముందున్న రెండు టైర్లని అటూ ఇటూ మార్చి చూడండి. లాగే దిక్కు కూడా మారిందంటే లోపం టైర్లోనే ఉంది. టైర్ పక్కన తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం పక్కలు మార్చకూడదు. అప్పుడు అదే పక్కన ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకి వేయాలి, అదీ నాలుగూ ఒకే సైజువైతేనే.

ఇక బ్రేకులు. ఇక్కడ నిర్లక్ష్యం అస్సలు పనికిరాదు. బ్రేక్ తొక్కినప్పుడే లాగుతుంటే, లాగే పక్క బ్రేక్ బాగానే ఉండి, రెండో పక్కది సరిగా పట్టకపోవడం తరచూ జరుగుతుంది. అందుకే మెకానిక్‌ని రెండు పక్కలా చూడమనండి. బ్రేక్ తొక్కకపోయినా లాగుతుంటే, క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్‌ని చక్రంతో తిరిగే డిస్క్‌కి నొక్కే భాగం) బిగుసుకుని ప్యాడ్ డిస్క్‌ని వదలడం లేదేమో చూడాలి. కాసేపు బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపి, ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టండి, తాకొద్దు. ఒకదాని దగ్గరే సెగ బాగా తగిలినా, మాడువాసన వచ్చినా బండిని ఇక నడపకండి.

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే కాస్త పక్కకి పోవడం కొన్ని ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ ముందు చక్రాలని తిప్పే) కార్ల తత్వం. అది కొత్తగా మొదలైతేనే చూపించండి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు అలైన్‌మెంట్. గుంతలో గట్టిగా పడ్డాకే లాగుడు మొదలైనా, ముందు టైర్ ఒక అంచునే అరిగినా అనుమానం ఇటే. అయితే చక్రాలని పట్టి ఉంచే బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, సస్పెన్షన్ బుష్‌లు వదులుగా ఉంటే కొలతలు నిలవవు, కాబట్టి ముందు వాటిని చూడమనండి. సరిచేశాక క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం), క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) కొలతల ప్రింటు అడిగి తీసుకోండి. రెండు పక్కల మధ్య తేడా ఎక్కువుంటే బండి లాగుతూనే ఉంటుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కొన్ని కార్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని (స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచేది) కూడా రీసెట్ చేయాలి. అలా రీసెట్ చేసే పరికరం అలైన్‌మెంట్ చేసేవాళ్ల దగ్గర ఉందో లేదో పని మొదలుపెట్టకముందే అడగండి.