పడ్డ స్కోపును నమ్మొద్దు: కొండవేటకు బయల్దేరే ముందు జాగ్రత్తలు

“అద్దం పగల్లేదు కదా, ఏం కాలేదులే.”

ఈ వారం బెంగళూరు తెలుగు షూటర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న కబురంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. న్యూజిలాండ్‌లో జారుడు రాళ్ల వాలు మీద రైఫిల్ చెయ్యి జారి రెండు మూడు గజాలు దొర్లింది. తీసి, దుమ్ము దులిపి, స్కోపులోంచి (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి) చూస్తే అంతా శుభ్రంగానే కనిపించింది. ఆ సాయంత్రమే 350 మీటర్ల నుంచి మగ తార్‌ను (కొండమేక లాంటి జంతువును) కాల్చారు. తూటా కడుపులో తగిలింది. జంతువు బండల్లోకి పోయింది, మళ్లీ దొరకలేదు. మనుషులెవరికీ ఏమీ కాలేదు కాబట్టి దీన్ని ప్రమాదమని ఎవరూ అనడం లేదు. అనాలి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వేట మాట లేదు. పశ్చిమ కనుమల్లోని నీలగిరి తార్ అయితే మొదటి షెడ్యూల్లో ఉంది. న్యూజిలాండ్ కథ వేరు. అక్కడి హిమాలయన్ తార్ 1904లో మౌంట్ కుక్ దగ్గర బయటి నుంచి తెచ్చి వదిలిన జంతువు. మందలు పెరిగి కొండల మీది పచ్చదనాన్ని మేసేస్తుంటే ప్రభుత్వమే తగ్గించాలని చూస్తోంది. మే నుంచి జూలై దాకా జతకట్టే కాలం, పైగా చలికాలం. ఇక్కణ్నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా అప్పుడే వెళ్తారు. విజిటర్ ఫైర్‌ఆర్మ్స్ లైసెన్సు, సంరక్షణ శాఖ భూముల్లో వేటాడే పర్మిట్ ముందే చూసుకుంటారు, వాటి గురించి చెప్పేదేం లేదు. చెప్పాల్సింది స్కోపు గురించి.

కొనేటప్పుడే తప్పు మొదలవుతుంది. కొట్లో స్కోపు చేతికిస్తే అందరం చేసేది ఒకటే: రోడ్డవతలి బోర్డు మీద అక్షరాలు చదువుతాం. చదవగలిగితే మంచి స్కోపు. కానీ కొండ మీద చెడిపోయేది అద్దం కాదు. స్కోపు గొట్టం లోపల ఇంకో సన్నని గొట్టం ఉంటుంది, దాన్ని ఎరెక్టర్ అంటారు. దాని ఒక కొస కీలు మీద నిలుస్తుంది. రెండో కొసను పైనుంచి ఒక మర, పక్కనుంచి ఒక మర నొక్కుతుంటాయి, అవతలి నుంచి స్ప్రింగు ఎదురు నెడుతుంటుంది. టరెట్ (స్కోపు పైనా పక్కనా ఉండే తిప్పుడు బుడిపె) తిప్పితే వినిపించే క్లిక్కు ఆ మర కదలికే. దెబ్బ తగిలినప్పుడు ఈ లోపలి గొట్టం వెంట్రుక వాసి పక్కకి జరిగి అక్కడే ఉండిపోవచ్చు. బయటికి ఏమీ తెలీదు, బొమ్మ అంతే స్పష్టంగా ఉంటుంది, అడ్డగీతలు నడిమధ్యనే ఉంటాయి. పైన పటారం, లోన లొటారం.

ఆ వెంట్రుక వాసి ఎంత పని చేస్తుందో లెక్క చూడండి. 100 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు తప్పితే అది అర మిల్లు (100 మీటర్లకు 10 సెంటీమీటర్ల తేడా ఇచ్చే కోణం ఒక మిల్లు). 400 మీటర్లకు అదే 20 సెంటీమీటర్లు. తార్ గుండె, ఊపిరితిత్తుల చోటు మహా అయితే జానెడు పైచిలుకు. నడిమికి గురిపెట్టినా తూటా దాన్ని దాటిపోతుంది.

అందుకని ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న, జీరో నిలుస్తుందా, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా చేసిన అమరిక కదలకుండా ఉంటుందా అన్నదే. పెద్దది చేసి చూపడం తర్వాత. 3-15 రెట్లు చాలు; 25 రెట్లకు వెళ్తే బరువు పెరుగుతుంది, చూపు మేర ఇరుకైపోతుంది, కాల్చాక జంతువు ఎటు పోయిందో కనబడదు. ముందు అద్దం 44 మిల్లీమీటర్లుంటే 10 రెట్ల దగ్గర కంటికి వచ్చే వెలుగు వలయం 4.4 మిల్లీమీటర్లు, సందెవేళకు సరిపోతుంది. 56 పెడితే స్కోపు ఎత్తులో కూర్చుంటుంది, దవడ రైఫిల్ కట్టెకు ఆనదు. 30 మిల్లీమీటర్ల గొట్టం ఎక్కువ వెలుగిస్తుందనేది ఉత్త మాట. దానివల్ల వచ్చేది టరెట్ తిరిగే మేర. ఎత్తు టరెట్‌కు జీరో స్టాప్ (సున్నా దగ్గరే ఆపే అడ్డు), పక్క టరెట్‌కు మూత ఉండాలి. సంచి పట్టీ రాసుకుని టరెట్ ఒక చుట్టు తిరిగినా మనకు తెలీదు. ఇక బరువు: 400 గ్రాముల స్కోపు మెడకు హాయే. దెబ్బలకు ఓర్చుకుంటాయని పేరున్న నైట్‌ఫోర్స్ లాంటివి చాలావరకు అంతకంటే బరువే. 700-800 గ్రాములైనా మోయండి. బరువు తగ్గించుకోవాలంటే నడుముదే తగ్గించుకోవచ్చు.

ఇక్కడి రేంజిలో 50 మీటర్ల పాయింట్ టూటూ (చిన్న తూటా రైఫిల్) మీద నిలబడ్డ స్కోపు త్రీ హండ్రెడ్ విన్‌మాగ్ (గట్టిగా తన్నే పెద్ద తూటా రైఫిల్) మీద నిలబడుతుందనుకోకండి. పాయింట్ టూటూ తన్ను తన్నే కాదు. అలాగని స్ప్రింగు ఎయిర్ రైఫిల్ మీద పరీక్షిద్దామనీ అనుకోకండి. అది వెనక్కీ ముందుకీ రెండు వైపులా కుదుపుతుంది, మామూలు రైఫిల్ స్కోపులను పాడుచేస్తుంది. స్కోపు న్యూజిలాండ్‌లోనే కొని, ఏ రైఫిల్‌తో వేటాడతారో దాని మీదే బిగించుకోవడం అన్నిటికన్నా తేలిక.

బిగింపు. స్కోపు తప్పు అనుకునేవాటిలో చాలావరకు మరల తప్పే. స్కోపును చుట్టి పట్టేవి రింగులు, అవి కూర్చునే రైఫిల్ మీది పట్టీ బేస్. బేస్ మరల రంధ్రాల్లో నూనె ఉంటే స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టండి. బేస్ మరలకు నీలం లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క. రింగు మరలకు వద్దు, పొడిగానే బిగించాలి. జిగురు తడికి మర తేలిగ్గా తిరిగి బిగువు లెక్క మించిపోతుంది, గొట్టం నొక్కుకుపోతుంది. రింగులను బేస్ గాడిలో ముందుకు నెట్టి పట్టుకుని బిగించండి, లేకపోతే మొదటి నాలుగు తూటాలకే అవి ముందుకు జరిగి కూర్చుంటాయి. రింగు పై మరలకు సాధారణంగా 15-18 అంగుళం-పౌండ్లు, అంటే దాదాపు 1.7-2 న్యూటన్ మీటర్లు. మీ రింగుల పెట్టె మీద వేరే అంకె ఉంటే అదే. టార్క్ రెంచి లేకుండా ‘చేతి అంచనా’ వద్దు. రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. చివర్లో ప్రతి మర తల మీదుగా రింగు మీదికి గోళ్లరంగుతో ఒక గీత గీయండి. మర కదిలితే గీత విరుగుతుంది, పొద్దున్నే ఒక్క చూపులో తెలిసిపోతుంది.

కంటి దూరం (స్కోపు వెనక అద్దం నుంచి కంటికి ఉండే ఎడం) కుర్చీలో కూర్చుని సరిచూసుకోవద్దు. చలి కోటు వేసుకుని, బోర్లా పడుకుని, అత్యధిక రెట్ల దగ్గర పెట్టి చూడండి. ఎగువకు గురిపెట్టినప్పుడు మొహం స్కోపుకు ఇంకా దగ్గరవుతుంది. 9 సెంటీమీటర్ల కంటే తక్కువ దూరమిచ్చే స్కోపుతో తేలికపాటి మాగ్నమ్ (గట్టిగా తన్నే పెద్ద తూటా) రైఫిల్ కాలిస్తే కనుబొమ్మ మీద నెలవంక కుట్లు పడతాయి.

ఇప్పుడు పరీక్ష. 100 మీటర్ల దగ్గర నిలువుగా గీత గీసిన పొడవాటి కాగితం కట్టండి. జీరో చేసి 10 మిల్లులు పైకి తిప్పి అదే చుక్కకు గురిపెట్టి కాలిస్తే రంధ్రం సరిగ్గా మీటరు పైన పడాలి. 97 సెంటీమీటర్ల దగ్గర పడితే కంగారు లేదు, ఎప్పుడూ అంతే తక్కువ తిరిగితే లెక్కలో సరిదిద్దుకోవచ్చు. గీతకు పక్కగా జరుగుతుంటే స్కోపు వాలుగా బిగించారు. మళ్లీ కిందికి తిప్పినప్పుడు మాత్రం పాత రంధ్రాల్లోకే రావాలి. రాకపోతే తిరిగిచ్చేయండి, రెండో మాట లేదు. వచ్చిందా? బోల్టు తెరిచి, తూటా లేదని వేలు పెట్టి చూసి, రైఫిల్‌ను మడత పరుపు మీద మోకాలెత్తు నుంచి కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి పడెయ్యండి. మళ్లీ మూడు కాల్చండి. ఈ పని చేయడానికి చేతులు రావు, తెలుసు. కొండ మాత్రం మొహమాటపడదు.

మళ్లీ అదే మాట: పడితే కాల్చి చూడాలి. ‘పడటం’ అంటే చేతిలోంచి జారడం ఒక్కటే కాదు. విమానం సామాన్ల బెల్టు పడటమే. హెలికాప్టర్లో సంచుల కింద నలగడం పడటమే. గుడారం గోడకు ఆనించింది గాలికి ఒరిగితే అదీ పడటమే.

అద్దంలోంచి చూసి తేల్చొద్దు. కాల్చి తేల్చండి.

100 మీటర్లు దొరక్కపోతే 25 దగ్గరైనా కాల్చండి. అక్కడ ఒక పదోవంతు మిల్లు అంటే రెండున్నర మిల్లీమీటర్లు. ముందే ఇంటి దగ్గర 25లో ఎక్కడ పడుతుందో కాగితం మీద రాసి పెట్టుకుంటేనే ఇది పనికొస్తుంది. వెనక మట్టికట్ట ఉండాలి, బండ కాదు.

చప్పుడుకు మంద బెదురుతుందని ఆగొద్దు. బెదిరిన మంద రేపు మళ్లీ దొరుకుతుంది.

స్కోపు పట్టుకుని రైఫిల్ ఎత్తొద్దు.

కదిలినదేమిటో చూడటానికి స్కోపు వాడొద్దు. దానికి బైనాక్యులర్ ఉంది. స్కోపులోంచి చూస్తున్నారంటే తుపాకీ గొట్టం అటే ఉందని, అక్కడున్నది ఇంకో వేటగాడు కావచ్చు. న్యూజిలాండ్ తుపాకీ భద్రతా నియమాల్లో నాలుగోది ఇదే: గురి ఏమిటో అణుమాత్రం సందేహం లేకుండా తేల్చుకో.

రాత్రి రైఫిల్‌ను వెచ్చని గదిలోకి తేవొద్దు. తేవాల్సొస్తే బయటే ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి తెండి, చెమ్మ సంచికి పడుతుంది.

అద్దం మీద నోటితో ఊదొద్దు.

టరెట్ అంకె కాల్చే ముందు పైకి చదవండి. కాల్చాక సున్నాకు తిప్పండి.

తిరిగొచ్చాక స్కోపును తోలు సంచిలో మూసి అటక మీద పడెయ్యొద్దు. చెన్నై ఉప్పుగాలి, బెంగళూరు వానాకాలం రెండూ అద్దానికి బూజు పట్టిస్తాయి. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి, జెల్ రంగు మారితే మార్చండి.

రైఫిల్ అద్దెది అయితే గోళ్లరంగు గీతలు మీరే గీయండి. గైడు “నిన్ననే చూశాం సార్” అంటాడు. తల ఊపండి, మీ భుజానికి ఆనించి మీరే మూడు కాల్చండి.

వేట తూటాలు కాక ఇంకో పది వేరే సంచిలో, వేరే రంగు దారం కట్టి పెట్టుకోండి. అవి జంతువు మీదకు కాదు, కాగితం మీదకు. ఆఖరి రోజు దాకా అవి సంచిలోనే మిగిలాయంటే మీ రైఫిల్ ఒక్కసారి కూడా ఎక్కడా తగల్లేదనే కదా? నిజంగా తగల్లేదా?