ఇసినోఫిల్స్, ఐజీఈ పెరిగాయా? కారణాన్ని టి కణాల దాకా వెళ్లి వెతకాలి

రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లరక్తకణాలు ఎక్కువగా కనిపించగానే అలర్జీ మాత్ర వేసుకుని ఊరుకోవడం పరిపాటి. కానీ ఇసినోఫిల్స్ గానీ, అలర్జీ యాంటీబాడీ అయిన ఐజీఈ గానీ వాటంతట అవే పెరగడం అరుదు. చాలా సందర్భాల్లో వాటిని పెంచే సంకేతాలు టీహెచ్2 అనే సహాయక టి కణాల (రోగనిరోధక స్పందనను నడిపించే మరో రకం తెల్లరక్తకణాలు) నుంచి వస్తాయి. ఈ కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేత ప్రొటీన్ ఎముక మజ్జలో ఇసినోఫిల్స్ తయారీని పెంచి, వాటి ఆయుష్షును పొడిగిస్తే, ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనేవి యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను ఐజీఈ తయారీకి మళ్లిస్తాయి. అందుకే రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఇసినోఫిల్స్ విషయంలో శాతాన్ని కాక, మైక్రోలీటరు రక్తంలో ఉన్న అసలు సంఖ్యను చూడాలి. సాధారణంగా అది 500 లోపు ఉంటుంది.

సమస్య: తుమ్ములు, ఆయాసం, దురద ఉన్నాయి, రెండూ ఓ మోస్తరుగా పెరిగాయి.
కారణం: పుప్పొడి, దుమ్ములోని సూక్ష్మపురుగుల వంటి వాటికి టీహెచ్2 కణాలు అలవాటుగా స్పందించడం.
పరిష్కారం: ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్‌తో మొదలుపెడతారు. అదుపులోకి రాకపోతే ఐజీఈని పట్టుకునే ఒమాలిజుమాబ్, ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్, ఇంటర్‌ల్యూకిన్-4, 13 సంకేతాలను ఆపే డుపిలుమాబ్ వంటివి ఉన్నాయి. డుపిలుమాబ్ మొదలుపెట్టాక రక్తంలో ఇసినోఫిల్స్ కొంతకాలం పెరగవచ్చు. అవి కణజాలంలోకి వెళ్లలేక రక్తంలోనే నిలిచిపోవడం దీనికి కారణమని భావిస్తారు కాబట్టి, కొత్త లక్షణాలేవీ లేకపోతే మందు పనిచేయలేదని అనుకోనక్కరలేదు.

సమస్య: పిల్లికూతలు ఉన్నాయి, ఇసినోఫిల్స్ పెరిగాయి, ఐజీఈ మాత్రం మామూలుగానే ఉంది.
కారణం: టి కణాలతో పాటు ఐఎల్‌సీ2 అనే సహజ లింఫాయిడ్ కణాలు కూడా, అలర్జీ కారకంతో పనిలేకుండానే, ఇంటర్‌ల్యూకిన్-5ను విడుదల చేయగలవు.
పరిష్కారం: ఇక్కడ ఐజీఈపై గురిపెట్టడం కంటే ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకోవడమే సబబు.

సమస్య: కొత్త మందు మొదలుపెట్టిన 2 నుంచి 8 వారాల్లో జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు.
కారణం: కార్బమజెపిన్, ఫెనిటాయిన్, అల్లోప్యూరినాల్ వంటి మందులపై టి కణాలు తిరగబడే డ్రెస్ అనే ప్రతిచర్య (ఇసినోఫిల్స్ పెరిగి, లోపలి అవయవాలు కూడా దెబ్బతినే మందు వికటింపు).
పరిష్కారం: అదే రోజు వైద్యుణ్ని కలిసి, అనుమానిత మందును ఆపించుకుని, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోవాలి.

సమస్య: ఇసినోఫిల్స్ సంఖ్య 1500 దాటింది, నెలల తరబడి తగ్గడం లేదు, దురద, చర్మం కింద వాపు ఉన్నాయి, ఐజీఈ కూడా ఎక్కువే, అయినా అలర్జీ ఏదీ తేలడం లేదు.
కారణం: తేలిగ్గా తప్పిపోయే పరిస్థితి ఇది. ముందుగా అనుమానించవలసింది పురుగులను, ముఖ్యంగా పేగుల్లో ఉండే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగును. దానికి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇవ్వకుండా స్టెరాయిడ్ వాడితే పురుగులు ఒంటినిండా వ్యాపించి ప్రాణం మీదికి రావచ్చు. అది కాదని తేలితే, ఉపరితలంపై సీడీ3 అనే గుర్తు ప్రొటీన్ లేకుండా సీడీ4 మాత్రమే ఉన్న అసాధారణ టి కణాల గుంపు ఒకటి ఇంటర్‌ల్యూకిన్-5ను ఎడతెగకుండా తయారుచేస్తూ ఉండవచ్చు. లింఫోసైట్ల (టి, బి కణాలు ఈ కోవకే చెందుతాయి) మొత్తం సంఖ్య మామూలుగా ఉన్నా ఈ గుంపు దాగి ఉండగలదు కనుక, కణాలపై ఉన్న గుర్తులను చదివే ఫ్లో సైటోమెట్రీ పరీక్షతోనే అది బయటపడుతుంది. వీలైతే ఆ పరీక్షకు రక్తాన్ని స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే ఇవ్వడం మేలు.
పరిష్కారం: ఈ టి కణాల రకం సాధారణంగా స్టెరాయిడ్‌కు లొంగుతుంది, మోతాదు తగ్గించడం కుదరనప్పుడు మెపోలిజుమాబ్ తోడ్పడుతుంది. కొన్ని రక్త క్యాన్సర్లకు వాడే ఇమాటినిబ్‌తో ఇక్కడ పెద్దగా ప్రయోజనం ఉండదు. 2003లో గుర్తించిన ఎఫ్ఐపీ1ఎల్1-పీడీజీఎఫ్ఆర్ఏ జన్యు కలయిక ఉన్నవారికి ఆ మందు అద్భుతంగా పనిచేస్తుంది గానీ, అది టి కణాల జబ్బు కాదు; అందులో రక్తంలో విటమిన్ బి12, ట్రిప్టేజ్ అనే ఎంజైమ్ పెరగడం ఒక ఆధారం. టి కణాల రకంలో కొందరికి కాలక్రమేణా లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) వచ్చే అవకాశం ఉన్నందున, లక్షణాలు తగ్గినా రక్తవ్యాధుల నిపుణుల పర్యవేక్షణ మానకూడదు.

ఏ కారణమైనా సరే, సంఖ్య 1500 దాటినప్పుడు గుండె దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్, ఎకో పరీక్షలు చేయించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, కాళ్ల వాపు, ఒక పక్క బలహీనత వంటివి కనిపిస్తే కారణం తేలేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.