పరిశోధన వ్యాసాలు వెతకడం – మూడో పాఠం: ఏ మాటలతో వెతకాలి?

పోయిన పాఠంలో మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోమన్నాను. ఈసారి దాన్ని వెతికే మాటలుగా మారుద్దాం. ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు అంగన్‌వాడీల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటి తీసుకుందాం: ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే నాలుగేళ్ల పాపకు అంగన్‌వాడీలో అంతా ఒడియాలోనే చెబితే నేర్చుకోవడం ఎలా సాగుతుంది? అక్కడి తెలుగు ఇళ్ల పిల్లల గురించి కూడా ఇలాగే అడగొచ్చు.

ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో గూగుల్ స్కాలర్‌లో (పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ సైటు) కొట్టకండి. ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు పరిశోధకులు వాడే మాటలు పక్కన రాసుకోండి. చిన్నపిల్లల చదువుకైతే ‘ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్’, ‘ప్రీస్కూల్’, ‘అంగన్‌వాడీ’. ఇంటి భాషకైతే ‘మదర్ టంగ్’, ‘హోమ్ లాంగ్వేజ్’, ‘మల్టీలింగ్వల్ ఎడ్యుకేషన్’. రెండు మూడు మాటలు కలిసే రావాలంటే వాటికి డబుల్ కోట్స్ పెట్టాలి.

సవర దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషులో ఒకరు సవర అని, ఒకరు సోరా అని, ఇంకొకరు సౌరా అని రాస్తారు. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారి సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. దాని ఇంగ్లీషు పేరులోనే సోరా, సవర రెండూ ఉన్నాయి. ఒక్క స్పెల్లింగుతో వెతికితే మిగతావి మీ కంటబడవు. అన్నీ రాసి, మధ్యలో క్యాపిటల్ అక్షరాల్లో ‘ఆర్’ (‘లేదా’ అనే అర్థంలో) పెట్టండి.

అయినా నాలుగైదు వ్యాసాల కంటే ఎక్కువ రాకపోతే టెన్షన్ వద్దు. సవర తీసేసి ‘ట్రైబల్’, ‘ఒడిశా’ పెట్టండి. ఒడిశాలో గిరిజన భాషల్లో బడి చదువు 2006 ప్రాంతంలో మొదలైంది కాబట్టి, సంవత్సరాన్ని అక్కడినుంచి పెడితే చాలు. పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరికితే దాని కింద ‘సైటెడ్ బై’ నొక్కండి. దాన్ని ఆధారం చేసుకుని తర్వాత రాసినవాళ్లంతా బయటపడతారు.

నన్నడిగితే, కొత్తవాళ్లు ముందు శోధ్‌గంగకే వెళ్లాలి. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అక్కడ ఉచితం, చాలావరకు అధ్యాయాల వారీగా ఉంటాయి. ‘రివ్యూ ఆఫ్ లిటరేచర్’ అధ్యాయం తెరవండి. మీ ప్రశ్న మీద అప్పటిదాకా ఎవరేం రాశారో ఒక పరిశోధకుడు ఏళ్ల తరబడి కూర్చిన జాబితా మీ చేతికొస్తుంది. విదేశీ వ్యాసాలకు అమెరికా విద్యాశాఖ నడిపే ఎరిక్ అనే విద్యా వ్యాసాల సైటు చూడండి. అందులో ‘పీర్ రివ్యూడ్’, ‘ఫుల్ టెక్స్ట్’ గడులు రెండూ టిక్ చేస్తే, నిపుణులు పరిశీలించినవి, పూర్తిగా చదవగలిగినవి మాత్రమే మిగులుతాయి.

ఎక్కడైనా డబ్బు అడిగితే కట్టకండి. స్కాలర్‌లో ‘ఆల్ వర్షన్స్’ నొక్కితే చాలాసార్లు ఉచిత ప్రతి ఉంటుంది. లేకపోతే రచయితకు మర్యాదగా మెయిల్ రాయండి, చాలామంది పంపిస్తారు.

వచ్చే పాఠంలో అబ్‌స్ట్రాక్ట్ (వ్యాసం మొదట్లో ఉండే సారాంశం) చదివి ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో చూద్దాం. ఆలోగా మీ మాటల పట్టికతో వెతికి, దొరికిన వాటిలో మూడు వ్యాసాల పేర్లు, రచయితలు, సంవత్సరాలు నోట్‌బుక్‌లో రాసి ఉంచండి.