తేదీ చూసి కీర్తనలు చదవండి

హన్మకొండలో ఉంటున్న మా అమ్మకు డెబ్బై దాటాయి. పొద్దున్నే ఐదింటికి లేచి బైబిల్ తెరుస్తుంది గానీ, నిన్న ఎక్కడ ఆపిందో గుర్తురాక పేజీలు తిప్పుతూ టెన్షన్ పడేది. మీ ఇంట్లో పెద్దవాళ్లకూ ఇదే ఇబ్బంది ఉంటే తేదీని బట్టి చదవమనండి.

బైబిల్‌లోని కీర్తనలు మొత్తం 150. ఈరోజు తేదీ ఎంతో ఆ కీర్తన, ఆపైన 30 చొప్పున కలుపుకుంటూ పోవాలి. 7వ తేదీ అయితే 7, 37, 67, 97, 127. ముప్పై రోజుల్లో అన్నీ పూర్తవుతాయి. 29న వచ్చే 119వ కీర్తన ఒక్కటి పక్కన పెట్టండి. దానిలో 176 వచనాలున్నాయి, ఒకేసారి చదివితే నడుము పట్టేస్తుంది. 31వ తేదీ ఖాళీయే కాబట్టి ఆ రోజు చదువుకోవచ్చు. ఐదూ చదవలేని రోజు ఒక్కటి చదివినా చాలు. అమ్మకు కూడికలు కష్టమని పాత క్యాలెండర్ వెనకాల స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి మంచం పక్కన గోడకు అంటించాను.

ఇంకో మాట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే కూర్చోవాలని పట్టుబట్టొద్దు. "మోకరించకపోతే ప్రార్థన ఎట్లయితది బిడ్డా" అని అమ్మ చాలా రోజులు బాధపడింది. జబ్బుతో మంచాన పడ్డ యూదా రాజు హిజ్కియా గోడవైపు తిరిగి ప్రార్థిస్తే దేవుడు విని 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు కదా అని ఆ భాగం తీసి చదివి వినిపించాను. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, కాళ్ల కింద పీట పెట్టుకుని, మనవళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెప్తూ ప్రార్థిస్తోంది.