పాత పర్కషన్ రివాల్వర్లు సేకరించేవారికి అమెరికాలో కలెక్టర్ లైసెన్సు: ఎవరికి అవసరం, దరఖాస్తు ఎలా

అమెరికాలో ఉంటూ అంతర్యుద్ధ కాలపు రివాల్వర్ ఒకటి కొనాలనుకునే మనవాళ్లలో కొందరు ముందుగా లైసెన్సు ఫారం కోసం వెతుకుతారు. క్యాప్ (మందు నింపిన చిన్న లోహపు టోపీ) పెట్టి పేల్చే పాత పర్కషన్ రివాల్వర్‌కి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనది ఫెడరల్ చట్టం దృష్టిలో ‘యాంటిక్’, అంటే తుపాకి లెక్కలోకే రాదు. కోల్ట్ 1851 నేవీ, 1860 ఆర్మీ, రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ అన్నీ ఈ కోవలోవే. వేరే రాష్ట్రంలోని అమ్మకందారు నేరుగా మీ ఇంటికే పంపవచ్చు. అయితే రాష్ట్ర చట్టాలు వేరు. న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉండేవారు డబ్బు కట్టకముందే అక్కడి నిబంధన చదవాలి.

లైసెన్సు అవసరం పడేది సేకరణ ముందుకు సాగినప్పుడు. 1898 తర్వాత తయారై, కనీసం 50 ఏళ్లు నిండిన అసలు తుపాకులను ‘క్యూరియో, రెలిక్’ అంటారు. వాటిని వేరే రాష్ట్రం నుంచి డీలరు మధ్యవర్తిత్వం లేకుండా తెప్పించుకోవడానికే టైప్ 03 కలెక్టర్ లైసెన్సు. ఈమధ్య తయారైన నకళ్లు ఎంత పాతగా కనిపించినా ఈ జాబితాలోకి రావు.

ఎవరు అర్హులు

వయసు 21 నిండాలి. నేరచరిత్ర వంటి నిషేధాలు ఉండకూడదు. పౌరులు, గ్రీన్ కార్డున్నవారు దరఖాస్తు చేయవచ్చు. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలవారికి తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. యాంటిక్‌కి ఈ నిషేధం వర్తించదు. వీసా మీద ఉన్నవారు పర్కషన్ రివాల్వర్ దగ్గరే ఆగడం మంచిది. మినహాయింపు మీద ఆధారపడాలనుకుంటే ముందు వకీలును అడగాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే వీసాకే ఎసరు.

ఫారం నింపడం

తుపాకుల లైసెన్సులిచ్చే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వారి ఫారం 7/7సీఆర్ తీసుకుని టైప్ 03 గడిలో టిక్ పెట్టండి. మూడేళ్లకు రుసుము 30 డాలర్లు. డీలర్ల దరఖాస్తులా దీనికి వేలిముద్రలు, ఫోటో అక్కర్లేదు. పేరు, చిరునామా గుర్తింపు కార్డులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయాలి. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోలా ఉండటం మామూలే, కాబట్టి ముందు ఆ తేడా సరిచేయించుకోండి. పౌరసత్వం లేనివారు ఏలియన్ నంబరు తప్పక ఇవ్వాలి. సంతకం మరిచిపోతే ఫారం తిరిగొస్తుంది. అసలు ప్రతిని ఫారం మీదున్న చిరునామాకు, ఇంకో ప్రతిని మీ ప్రాంతపు పోలీసు ప్రధానాధికారికి పంపాలి. రెండోది ఆయన అనుమతి కోసం కాదు, సమాచారం కోసమే. పూర్తి దరఖాస్తు అందాక 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలన్నది చట్టం.

లైసెన్సు వచ్చాక సంతకం చేసిన నకలును అమ్మకందారుకు పంపుతారు, అతను సరుకు పంపుతాడు. అక్కడితో అయిపోదు, ఒక రిజిస్టరు పెట్టాలి. కొన్న వస్తువును మరుసటి పనిదినం ముగిసేలోగా, ఇచ్చేసినదాన్ని ఏడు రోజుల్లోగా అందులో ఎక్కించాలి. తయారీదారు, మోడల్, వరుస సంఖ్య, క్యాలిబర్, ఎవరి దగ్గర కొన్నారో అన్నీ రాయాలి. యాంటిక్‌లను ఎక్కించనక్కర్లేదు. ఇల్లు మారేటప్పుడు 30 రోజుల ముందే సవరణ కోరాలి. లాభానికి కొని అమ్మే వ్యాపారానికి ఈ లైసెన్సు పనికిరాదు.

చేతిలో డబ్బు తక్కువైతే

1847 నాటి కోల్ట్ వాకర్ జోలికి పోవద్దు. అవి తయారైనవే సుమారు 1,100, నకిలీలు బోలెడు. .31 క్యాలిబర్ కోల్ట్ 1849 పాకెట్ మూడు లక్షలకు పైగా తయారైంది, కాబట్టి మొదటి కొనుగోలుకు అదే నయం. రోజర్స్ అండ్ స్పెన్సర్ ఇంకో మంచి దారి. సుమారు 5,000 రివాల్వర్లు 1865లో సైన్యానికి అందేసరికి యుద్ధం ముగింపుకొచ్చింది, వాడకం లేక చాలావరకు బాగానే మిగిలాయి.

మెరుపు చూసి ధర కట్టకండి. కొత్తగా నీలి రంగు పట్టించి, అచ్చు అక్షరాలు అరిగేదాకా పాలిష్ చేసినదానికి విలువ పడిపోతుంది. కోల్ట్‌లో బారెల్, ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డు, పిడి పట్టీ, సిలిండర్ మీద వరుస సంఖ్యలు ఒకటే ఉండాలి. సిలిండర్ సంఖ్య ఒక్కటే వేరైనా ధర తగ్గించమని అడగవచ్చు. 1851 నేవీ సిలిండర్ చుట్టూ 1843 కాంపేచీ నౌకాయుద్ధం చెక్కి ఉంటుంది. ఆ గీతలు ఎంత మిగిలితే అంత విలువ. నిపిళ్ల (క్యాప్ తొడిగే చిన్న మొనల) చుట్టూ గుంతలు పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు, పాత క్యాప్‌ల మందు లోహాన్ని తినేసేది. ఇటలీలో తయారైన నకళ్ల మీద అక్కడి పరీక్ష ముద్రలు ఉంటాయి. ముద్ర ఉండాల్సిన చోట రుద్దిన గుర్తు కనిపిస్తే వదిలేయండి. వేలంలో గెలిచిన ధర మీద 15 నుంచి 25 శాతం దాకా కొనుగోలుదారు రుసుము పడుతుంది, దాన్ని కలుపుకునే పాడాలి.

ఇంటికి రాగానే గూట్లో పెట్టేయకండి. నూటయాభై ఏళ్ల నాటి సిలిండర్ గదుల్లో తుపాకి మందు ఇంకా నిండి ఉన్న సందర్భాలున్నాయి, ఆ నల్ల తుపాకి మందుకు కాలదోషం పట్టదు. ముందు నిపిళ్ల మీద క్యాప్‌లు లేవని చూసి, సన్నని కర్రపుల్లను ఒక్కో గదిలో దించి లోతు కొలవండి. ఏ గదిలోనైనా మిగతావాటికంటే పుల్ల తక్కువ దిగితే తుపాకి పనివాడి దగ్గరకు తీసుకెళ్లాలి, సొంతంగా తవ్వకూడదు.

ఇండియాకు మాత్రం సూట్‌కేసులో వేసుకుని వెళ్లకండి. ఆయుధాల చట్టం 45(సి) కింద మినహాయింపు దొరికేది, మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికే. పనిచేసే కోల్ట్‌కి హైదరాబాద్‌లో లైసెన్సు కావాలి.